మూసీ పాలైన పాలు

పోయిన వారం మలక్‌పేటలో కళ్ళద్దాలు మార్పించుకుని వస్తూ ఒక దాణా దుకాణం ముందు ఆగిపోయాను. గోలెంలో పల్లిచెక్క నానబెట్టి అందులో తవుడు కలుపుతున్నారు. కొంచెం పులుపు, కొంచెం తీపి, అడుగున ఏదో వెచ్చదనం ఉన్న వాసన అది. నా పక్కనుంచి వెళుతున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం అది కార్వాన్‌లో, మా గుడి వెనక సందులో, తెల్లవారుజామున రాగి చెంబు పట్టుకుని చలికి వణుకుతూ నిలబడ్డ రోజుల వాసన. దుకాణదారు ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి కదిలాను గానీ, ఇంటికి వచ్చి తలుపు తీసేదాకా ఈరమ్మ తప్ప ఇంకొకటి తలపుకు రాలేదు.

ఈరమ్మ పాలు అమ్మేది. యాభైల మొదట్లో మూసీ ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా సందు పొడుగునా బర్రెల కొట్టాలే ఉండేవి. సందు మొగలో చిన్న రామాలయం, అందులో మా నాన్న అర్చకులు. గుడిని ఆనుకుని మా ఇల్లు, మా ఇంటిని ఆనుకుని ఈరమ్మ కొట్టం. పొడుగాటి మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు. భర్త ఎప్పుడో పోయాడు, కొమురయ్య అని ఒక్కడే కొడుకు. ఏటి ఒడ్డున పెరిగిన పచ్చిగడ్డి మోపులు కొమురయ్య తెస్తే, పాలు పిండడం, మోయడం, అమ్మడం ఆమె పని. మా ఇంట్లో అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు. నేను పెద్దమ్మా అనేదాన్ని. అలా పిలవకూడదని మా అమ్మ ఒకటి రెండుసార్లు చెప్పి, నేను వినకపోయేసరికి ఊరుకుంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాను. ఆ శాస్త్రం మీద నాకు మనసు ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఈరమ్మకు ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికే ఆ పుస్తకాలు తెరిచాను.

ఆమె పాలలో ముప్పాతిక వంతు పురానాపూల్ అవతల ఒక నవాబుగారి దేవిడీకి పోయేవి. దేవిడీ అంటే ఇల్లు కాదు, గోడ లోపల ఒక పేట. వంటశాలలే మూడో నాలుగో ఉండేవి. మిగిలిన పాలు మా గుడికి, నాలుగైదు ఇళ్ళకు. రంజాన్ నెల వచ్చిందంటే ఈరమ్మ నడకే మారిపోయేది. ఆ నెలలో ఒకనాడు పొద్దున్నే ఆమె సందులోవాళ్ళకు కొత్త ధర చెబుతుంటే విని, నేను అడిగాను.

"పెద్దమ్మా, నిన్నటి బర్రే, నిన్నటి పాలే కదా. రాత్రికి రాత్రి ధర ఎందుకు పెరిగింది?"

ఆమె పొదుగు కడుగుతూ నవ్వింది. "బర్రె గదే, పాలు గవే బిడ్డా. కావాలనేటోళ్లు ఎక్కువైన్రు. పండుగ పూట శీర్‌ఖుర్మాకు పాలు లేకుంటే ఎట్ల? ఎంతంటే గంత ఇస్తరు."

"మరి ఎండాకాలంలో పండుగ లేకపోయినా పెంచుతావుగా?"

"అప్పుడు గడ్డి ఎండుతది, బర్రె పాలు తగ్గిస్తది. తాగేటోళ్లు గంతమందే ఉంటరు. కావడి చూసినవా? ఒక దిక్కు పాలు, ఒక దిక్కు మనుషులు. ఎటు బరువైతే గటు వంగుతది. మనం నడుమల నిలవడి మొయ్యాలె, గంతే."

ఆ తర్వాత చాలా ఏళ్ళకు కాలేజీలో మా లెక్చరర్ నల్లబల్ల మీద రెండు గీతలు అడ్డంగా గీసి, ఒకటి గిరాకీ, ఒకటి సప్లై అన్నప్పుడు తరగతిలో నాకొక్కదానికే అవి గీతల్లా కనిపించలేదు.

నాకు చదువు దక్కింది ఈరమ్మ వల్లే. ఎనిమిదో తరగతి అయ్యాక మా నాన్న ఇక చాలన్నారు. పై తరగతులకు మూసీ దాటి అవతలి ఒడ్డున ఉన్న ఆడపిల్లల హైస్కూలుకు పోవాలి. రోజులు బాగా లేవని, ఎదిగిన పిల్లను వంతెన దాటించలేనని ఆయన వాదన. నేను ఏడ్చిన సంగతి గోడ అవతల ఈరమ్మకు వినిపించి ఉంటుంది. మరునాడు అభిషేకం పాలకు చెంబు తీసుకుని వెళితే ఆమె బిందె మీద మూత పెట్టింది.

"ఇయ్యాల పాలు లేవు. పోయి మీ నాయినకు చెప్పు."

బిందె నిండుగా ఉండడం నాకు కనిపిస్తూనే ఉంది. నాన్న తడిబట్టలతోనే వచ్చారు.

"ఏమిటి ఈరమ్మా, బర్రెలకేమైనా అయిందా?"

"బర్రెలు మంచిగున్నయి అయ్యగారు. నా మనసే మంచిగ లేదు."

"దేవుడి అభిషేకం దగ్గర పరాచికాలేమిటి?"

"దేవుని మీద నాకేం కోపం లేదు. పిల్లను బడికి తోలుతనని ఒక్క మాట చెప్పుండ్రి, బిందె నేనే నెత్తిన వెట్టుకొని గుడికి తెస్త."

నాన్నకు కోపం వచ్చింది. చెంబు తీసుకుని పక్క కొట్టానికి వెళ్ళారు. అక్కడా పాలు అయిపోయాయన్నారు. దాని పక్క కొట్టంలోనూ అదే మాట. రాత్రే అందరికీ ఆమె చెప్పి పెట్టుకుంది. ఆ పూట రాముడికి నీళ్ళతో స్నానం అయింది. మరునాడు కూడా అంతే. ఊళ్ళో మాట పుట్టింది. చివరికి నాన్న కొట్టం గడప దగ్గరికి వచ్చి, "సరే, పంపుతాను. రోజూ తోడెవరు పోతారు?" అన్నారు.

"దేవిడీకి పాలు మోసేది నేనే గద. నా ఎంబడి వస్తది."

అలా రెండేళ్ళపాటు నేను ఆమె పక్కన నడిచి పురానాపూల్ దాటాను. నెత్తి మీద బిందె, దాని మీద చిన్న బిందె, ఒక చేయి గాలిలో. వంతెన మీద ఎదురయ్యే టాంగావాళ్ళు, మల్లెలు అమ్మేవాళ్ళు అందరూ ఆమెను పలకరించేవారు. ఉర్దూవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు, బర్రెలతో ఆ రెండూ కాని మరో భాష. "మాట మీద నిలవడితే ఎంత పెద్దోడైనా దిగుతడు. మీ నాయిన దిగలే?" అని నవ్వేది. ఆ గెలుపు ఆమెకు ఎంత నచ్చిందో చూసి నాకు అప్పుడు సంతోషంగా ఉండేది. దాన్ని ఆమె ఎంత గట్టిగా నమ్మిందో తర్వాత తెలిసింది.

జాగీర్లు రద్దయ్యాయని పెద్దవాళ్ళు అనుకుంటుంటే మేమూ విన్నాం. అది మా సందుకు సంబంధించిన సంగతి అని ఎవరికీ తోచలేదు. దేవిడీలో ఒక వంటశాల మూసేశారు, పాలు కొంచెం తగ్గించారు. కొన్నాళ్ళకు ఇంకో వంటశాల. ఒకరోజు పొద్దున మేము వెళ్ళేసరికి వంటశాలల పని చూసుకునే దరోగా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం ముసలాయన, రోజూ పాలలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, తల ఊపి లోపలికి పంపేవాడు. ఆ రోజు వేలు ముంచలేదు.

"ఈరమ్మా, కల్ సే దూద్ నక్కో," రేపటి నుంచి పాలు వద్దన్నాడు.

"ఎందుకు సాబ్? పాలల్ల ఏమన్న తప్పొచ్చిందా?"

"పాలల్ల ఏం తప్పు లేదు అమ్మా. తాగేటోళ్లే లేరు. పొయ్యిలన్నీ బంద్ అయినయి." ఆయన వెనక వరండాలో పెద్దపెద్ద రాగి దేగిశాలు బోర్లించి ఉన్నాయి. ఇద్దరు మనుషులు వాటిని వేలితో కొట్టి మోత వింటూ బేరమాడుతున్నారు. దరోగా వాళ్ళవైపు చూడలేదు. "నా నౌకరీ గూడ ఈ నెలదాకనే," అన్నాడు.

ఆ రోజు పాలు కూడా వద్దన్నారు. ఈరమ్మ నన్ను బడి దగ్గర విడిచిపెట్టి, నిండు బిందెలతోనే చార్‌కమాన్ వైపు నడిచింది. సాయంత్రం బడి విడిచాక చూస్తే వంతెన మొదట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్ద బిందె ఇంకా సగానికి ఉంది. మూత తియ్యకుండానే పులిసిన వాసన వస్తోంది.

దేవిడీలకు పాలు పోసేది ఆమె ఒక్కతే కాదు. అటు దూద్‌బౌలి నుంచి ఇటు మా కార్వాన్ దాకా ఎంతోమంది ఆ వంటశాలల మీదనే బతికారు. ఇప్పుడందరూ అవే మిఠాయి దుకాణాల ముందు, అవే కోవా బట్టీల ముందు వరుస కట్టారు. కోవా సేటు తన పీట మీద నుంచి లేవనైనా లేవకుండా ధర చెప్పేవాడు. పొద్దున ఒక ధర, ఎండ ఎక్కినాక ఇంకొక ధర. "ఇష్టముంటే పాలు పొయ్యి, లేకుంటే తీస్కపో," అనేవాడు. తీసుకుపోయి ఏం చేయాలి? "గోధుమలైతే అర్రల వోసి తాళమేస్తం. పాలకు తాళమెయ్యొస్తదా? వాడు సల్లగ కూసుంటడు. పొద్దు ఎక్కినాకొద్ది నేను దిగుత," అనేది ఈరమ్మ.

ఒక సాయంత్రం నాకు ఒక ఆలోచన వచ్చింది. పెద్ద ఉపాయం కనిపెట్టినట్టు ఆమెతో అన్నాను. మా సందు చివర బీడీలు చుట్టేవాళ్ళ ఇళ్ళు ఉండేవి. వాళ్ళ పిల్లలు పాలు లేని నల్లటి చాయలో రొట్టె ముంచుకుని తినేవారు. "పాలు కొనేవాళ్ళు లేరంటావేంటి పెద్దమ్మా? అక్కడ అంతమంది పిల్లలున్నారు. ఒక్కరింట్లో కూడా పాలు లేవు."

ఈరమ్మ చెంబు అందుకుంది. "వాళ్ళకు అవసరం ఉంది బిడ్డా. గిరాకీ లేదు. చేతుల పైస లేనోని అవసరం బజార్ల లెక్కకు రాదు. వాడు ఏడ్చినా ఎవనికీ వినపడది." తర్వాత చెంబుడు పాలు నా చేతిలో పెట్టి రహమత్ బీ ఇంట్లో ఇచ్చి రమ్మంది. రహమత్ బీ బీడీలు చుట్టే ముసలమ్మ, తల్లి లేని మనుమరాలిని సాకుతుండేది. ఆ రోజు ఇచ్చాం. రోజూ అలా ఇస్తే బర్రెలకు దాణా ఎక్కడి నుంచి వస్తుంది? అది ఆమెకూ తెలుసు, నాకూ తెలిసింది.

ఎండలు ముదరకముందే ఆమె పాలవాళ్ళందరినీ మా గుడి ముందు పోగు చేసింది. నాన్న అభ్యంతరం చెప్పలేదు. గుడి మెట్ల మీద నిలబడి ఆమె మాట్లాడడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"సేటు ఒక్కడు. మనం మస్తుమందిమి. ఒక్కొక్కరం పోతే ఒక్కొక్కరినే దించుతున్నడు. అందరం ఒక్క ధర చెప్పుదాం. ఇస్తే పాలు పోద్దాం, లేకుంటే ఒక్క చుక్క గూడ బజార్ల వడొద్దు. కోవా లేకుంటే వాని బట్టీ ఎన్నొద్దులు మండుతది?"

సందులో అందరికన్నా పెద్దవాడు బాలయ్య, దూడలాంటి మెత్తని మనిషి, లేచి అడిగాడు. "అమ్మకుంటే పాలు ఏం జేద్దాం ఈరమ్మా?"

"పారవోద్దాం."

ఎవరో నిట్టూర్చారు. పాలు నేల మీద ఒలికితేనే కళ్ళకు అద్దుకునే మనుషులు వాళ్ళు. పేదపిల్లలకు పంచితే పుణ్యమన్నా వస్తుంది కదా అని బాలయ్య అన్నాడు. దాని మీద పెద్ద లొల్లి అయింది. ఊరికే పోస్తే కొనేవాళ్ళు కూడా పిల్లలకు గిన్నెలిచ్చి పంపుతారని, అప్పుడు ధర ఎన్నటికీ లేవదని ఎక్కువమంది అన్నారు. చివరికి ఈరమ్మ కూడా పంచకుండా పారబోయడానికే సరేనన్నది. ఒక్కొక్కరే గర్భగుడి గడప దగ్గరి దీపం ముందు చెయ్యి చాపి మాట ఇచ్చారు. అందరికన్నా ముందు ఈరమ్మ చెయ్యి చాపింది.

మొదటి రోజు పొద్దున నేను కూడా మూసీ ఒడ్డుకు వెళ్ళాను. వరుసగా బిందెలు. ఎవరూ ముందు వంచడానికి సిద్ధంగా లేరు. ఇంతలో సందు చివరి పిల్లలు గిన్నెలు, సత్తు గ్లాసులు పట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ వెనక రహమత్ బీ. మనుమరాలి చేతిలో తెల్లటి చీనా గిన్నె ఉంది, అంచు పగిలింది. పాలు పారబోస్తారని పిల్లలు నమ్మలేదనుకుంటాను. చివరికి పంచుతారనే నిలబడ్డారు.

ఈరమ్మ బిందె ఎత్తి ఏట్లో వంచింది. తెల్లటి పాయ ఒకటి కొంచెం దూరం విడిగా సాగి, ఆ తర్వాత మురికినీళ్ళలో కలిసిపోయింది.

రహమత్ బీ అరవలేదు, తిట్టలేదు. మామూలుగా సంగతి కనుక్కుంటున్నట్టు అడిగింది. "నదికి ఆకలైతుందా ఈరమ్మా?"

ఈరమ్మ ఖాళీ బిందెను ఏటినీళ్ళతో కడిగింది. ఒకసారి కడిగిందాన్ని మళ్ళీ కడిగింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదని కొమురయ్య భార్య మా అమ్మతో చెప్పింది.

రెండు మూడు రోజులు కోవా బట్టీలు నిజంగానే చల్లబడ్డాయి. సేటు మనిషి ఒకసారి వచ్చి కొంచెం ధర పెంచుతామని చెప్పి వెళ్ళాడు. "దిగుతున్నడు, ఇంక జెర ఓపిక వట్టుండ్రి," అని ఈరమ్మ కొట్టం కొట్టానికీ తిరిగింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను, నాన్న ఆమె కొట్టం గడప దగ్గర నిలబడి సరేనన్న రోజు. కానీ నాన్నకు రాముడు ఒక్కడే, కొట్టాలు మా సందులోవి మాత్రమే. సేటుకు లోకమంతా కొట్టాలే. ఆ వారం కాకముందే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైకిళ్ళకు రెండు పక్కలా డబ్బాలు కట్టుకుని కొత్త మనుషులు రావడం మొదలైంది. వాళ్ళు ఊళ్ళో ఎంతకు అమ్మేవాళ్ళో దానికన్నా సేటు కాస్త ఎక్కువ ఇచ్చాడు. వాళ్ళకది పండుగ. మావాళ్ళు అడిగిన దానికన్నా చాలా తక్కువ. సేటుకూ అది పండుగే. వాళ్ళ తప్పు ఏముంది? వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు.

అదే రోజుల్లో కొమురయ్య దొరికిపోయాడు. తల్లి ఒడ్డుకు బయలుదేరకముందే సగం పాలు వేరే డబ్బాలో పోసి గడ్డిమోపు కింద దాచి, ఎండ ఎక్కాక దొడ్డిదారిన సేటు బట్టీకి చేరవేస్తున్నాడు. బాలయ్య కొడుకు చూశాడు. సందంతా ఈరమ్మ కొట్టం ముందు పోగయింది. మా ఇంటి అరుగు మీద నుంచి నేను చూస్తున్నాను. ఆమె కొడుకును కొట్టలేదు.

"నన్నొక్క మాట అడుగకపోతివి," అంది.

"అడిగితే ఒద్దంటవు." కొమురయ్య ఖాళీ గోలెం వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు మాట ఇచ్చినవే అమ్మా. నీ మాట మేస్తదా బర్రె? పల్లిచెక్క ఇచ్చే దాణా సేటు ఇంక ఇయ్యనన్నడు. సుక్క సూడితోని ఉంది, దానికి కుడితి గూడ లేదు. నేనేం జెయ్యాలె? నువ్వే చెప్పు."

సుక్క అంటే ఆమె పెంచిన బర్రె, నుదుట తెల్లమచ్చ ఉండేది. బాలయ్య ముందుకు వచ్చాడు. ఆ మెత్తని మనిషి గొంతు మొదటిసారి గట్టిగా విన్నాను. "నీ ఇంట్లనే కడవ కారవట్టె. మమ్మల్ని మాత్రం ఏట్ల పొయ్యమంటివా ఈరమ్మా?"

ఆమె తల వంచుకుంది. అంతే, ఆ పూటే అందరూ బిందెలెత్తుకుని సేటు దగ్గరికి పరిగెత్తారు. సేటు మొదటికన్నా తక్కువ ధర చెప్పాడు. పోశారు. కొన్నేళ్ళ తర్వాత, అందరూ చెల్లాచెదురయ్యాక, బాలయ్యే మా నాన్నతో ఒప్పుకున్నాడు. కొమురయ్యకన్నా ముందే తను, తనలాగే ఇంకా కొంతమంది చాటుగా అమ్ముకుంటూనే ఉన్నారట. దొరికినవాడు కొమురయ్య ఒక్కడే. ఈరమ్మకు ఇది తెలుసా అని నాన్న అడిగితే, "ఎరుకే అయ్యగారు, నా డబ్బా ఆమె కండ్ల వడ్డది. మరి ఆ రోజు నోరు ఎందుకు తెరవలేదో," అన్నాడట. ఎందుకు తెరవలేదో నేను చాలాసార్లు ఆలోచించాను. తనూ చెబితే ఇక ఎవరి మాటా మిగలదని అనుకుందేమో. లేక అప్పటికే అలసిపోయిందేమో.

ఆ ఎండాకాలం ఏటిగడ్డి మాడిపోయింది. పాల ధర నేల మీద ఉంది, పల్లిచెక్క ధర మాత్రం దిగలేదు. నష్టానికి ఎన్నాళ్ళు పిండుతారు? ఒకరు బర్రెను అమ్మారు, తర్వాత ఇద్దరు, తర్వాత అందరూ. అందరూ ఒకేసారి అంగడికి తోలుకుపోయేసరికి బర్రెల ధర కూడా పడిపోయింది. పాడి చేసేవాళ్ళు కొనడానికి ముందుకు రాలేదు, కోతకు కొనేవాళ్ళే వచ్చారు. సుక్క అప్పటికి ఈనింది, దూడ బతకలేదు. సుక్కను చివరిదాకా ఉంచుకుంది ఈరమ్మ. ఒక పొద్దున తనే తోలుకుపోయింది. కొమురయ్యను రావద్దంది. మధ్యాహ్నానికి పలుపుతాడు చేతికి చుట్టుకుని తిరిగి వచ్చింది. మా అమ్మ మజ్జిగ ఇస్తే తాగకుండా లోటా పక్కన పెట్టింది. "ఎవలు కొన్నరు ఈరమ్మా?" అని మా అమ్మ, ఆమె మాటలోనే, మెల్లగా అడిగింది. "కొన్నరమ్మా," అంది ఈరమ్మ.

కొట్టం ఒక కలప వ్యాపారికి పోయింది. కొమురయ్య రిక్షా తొక్కుకుంటూ ఎక్కడో మారుమూల గుడిసెకు మారాడు. నన్ను బడికి తీసుకుపోవడానికి ఇక ఎవరూ లేరు. నాన్నే వచ్చేవారు. వంతెన మీద ఆయనతో నేనూ, నాతో ఆయనా మాట్లాడుకునేవాళ్ళం కాదు. టాంగావాళ్ళు మాత్రం పాలమ్మ ఏదని అడిగేవారు.

నేను బి.ఎ.లో అర్థశాస్త్రం తీసుకున్నాక, ఒకరోజు కార్వాన్‌లో ఒక ధర్మసంస్థవాళ్ళు పిల్లలకు పాలు పంచుతున్న చోట ఆమె కనిపించింది. పాలపొడిని వేడినీళ్ళలో కలిపి పెద్ద గంగాళంలోంచి పోస్తున్నారు. ఈరమ్మ మనుమడి చెయ్యి పట్టుకుని వరుసలో నిలబడి ఉంది. బాగా వంగిపోయింది. నన్ను చూసి సత్తు గ్లాసు కొంగు చాటుకు తీసుకుంది. తర్వాత ఏమనుకుందో మళ్ళీ బయటికి తీసింది. పిల్లవాడు తాగుతుంటే మేము గోడ నీడన కూర్చున్నాం.

"బర్రె వాసన లేదు బిడ్డా. పాలేనా ఇవి?" అంది.

"పాలే పెద్దమ్మా. పొడి చేసి పంపిస్తారు."

"ఏడికెల్లి?"

"సముద్రాల అవతలి నుంచి. అక్కడ పాలు మరీ ఎక్కువైతే ధర పడిపోయి పాడివాళ్ళు చెడిపోతారని, మిగిలిందంతా సర్కారే కొంటుంది. కొని పొడి చేయించి ఇలా పంపుతుంది." ఆ వారమే తరగతిలో విన్న సంగతి. ఆమెకు చెప్పగలుగుతున్నందుకు మొదట సంబరంగా కూడా ఉంది. చెప్పడం పూర్తయ్యేసరికి ఆ సంబరం లేదు.

"అక్కడ గూడ పాలు ఎక్కువైనయా?"

"అయ్యాయి."

"వాళ్ళయి పొడి అయినయి. మనయి మూసీల కలిసినయి." కొంగుతో మనుమడి మూతి తుడిచింది. "అంటే వాళ్ళ ఎనక ఎవలో ఒకలు నిలవడ్డరన్నట్టు. మన ఎనక నిలవడెటోళ్లు ఉంటరని మనకు ఎరుకనే లేకపాయె. మనలో మనమే నిలవడాలె అనుకుంటిమి." ఆగి, మళ్ళీ అంది. "రహమత్ బీ మనుమరాలి గిన్నె యాదికొస్తది బిడ్డా. ఒక్క గిన్నె వోస్తే ధర ఏమన్న పడిపోతుండెనా?"

నేను చదివిన దాంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఒక్క గిన్నెతో ధర పడిపోదు, అందరి గిన్నెలతో పడిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను. ఆ చలికాలంలోనే ఆమె పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. చెప్పింది కొమురయ్యే, ఒకనాడు నేను అతని రిక్షా ఎక్కబోతే. డబ్బులు తీసుకోనన్నాడు. దారిపొడుగునా ఇద్దరం ఏడ్చాం, అతను ముందు, నేను వెనక, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా.

ఆ తర్వాత నేను పాఠం చెప్పిన పుస్తకాలన్నింటిలోనూ ఒక వాక్యం ఏదో ఒక రూపంలో ఉండేది. ధర ఖర్చుకన్నా తగ్గినప్పుడు నష్టం భరించలేని అమ్మకందారు మార్కెట్ నుంచి వైదొలగుతాడు, అప్పుడు గిరాకీ, సప్లై మళ్ళీ సమతౌల్యానికి వస్తాయి అని. అందులో అబద్ధం ఏమీ లేదు. కార్వాన్‌లోనూ అలాగే జరిగింది. సైకిళ్ళ మీద పాలు వేళకు వచ్చాయి, బట్టీలు మండాయి, పండుగలకు మిఠాయిలు దొరికాయి, ధర ఒకచోట నిలిచింది. ఒకసారి వెనక బల్ల మీది పిల్ల ఒకతె లేచి, "వైదొలగి ఎక్కడికి పోతాడు మేడమ్?" అని అడిగింది. తరగతంతా నవ్వింది. పుస్తకంలో ఆ వాక్యం అక్కడితో అయిపోతుంది, తర్వాతి పేరా కొత్త ధర గురించి. ఆ రోజు నేను వాళ్ళకు ఈరమ్మ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. అడిగిన పిల్ల మాత్రం, "మరి ఏం చేసి ఉండాల్సింది మేడమ్?" అంది. ఆమె ఏమి చేసి ఉండాల్సిందో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇంత చదివి, ఇంతకాలం చెప్పి, ఇప్పుడూ తెలియదు. లోకం సర్దుకుంది, ఆమె లేకుండానే సర్దుకుంది. ఆ సర్దుకోవడాన్ని సమతౌల్యం అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగిన ప్రతిసారీ, పిల్లలు ఆ మాటను తలలు వంచుకుని బుద్ధిగా రాసుకుంటుండేవారు.